అటక మీద తుపాకి

మన ముదినేపల్లి వైపు తుపాకి ఉన్న ఇళ్ళు తక్కువే. మరి ఈ పాఠం మనకెందుకు? చదవండి, తెలుస్తుంది.

ఒక అక్క భర్త చనిపోయాడనుకుందాం. ఆయన తుపాకి అటక మీద ఉంది. లైసెన్సు ఆయన పేరున ఉంది. "మా ఆయన వస్తువు నాదే కదా" అనుకుంటుంది అక్క. పొలంలో అయితే ఆమెకు వాటా వస్తుంది. తుపాకి అలా కాదు. లైసెన్సు మనిషికి ఇస్తారు. ఇంటికి ఇవ్వరు. ఆయన పోయాక ఆ కాగితం చెల్లదు.

అప్పుడు ఆ అక్క ఏం చేయాలి? ఆలస్యం చేయకుండా తుపాకిని, తూటాలను దగ్గరి పోలీసు స్టేషనులో అప్పగించాలి. రసీదు అడిగి తీసుకోవాలి. రసీదు లేకుండా ఇంటికి రావద్దు. అప్పగించినంత మాత్రాన తుపాకి పోయినట్టు కాదు. వారసురాలిగా తన పేరున లైసెన్సు అడగవచ్చు. వద్దనుకుంటే, గడువు లోపల లైసెన్సు ఉన్నవారికి అమ్ముకోవచ్చు.

దీనికి 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. లైసెన్సు కావాలంటే 21 ఏళ్ళు నిండాలి. జిల్లా కలెక్టరుకు అర్జీ పెట్టాలి. ముదినేపల్లి మండలం 2022లో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలో కలిసింది. పాత లైసెన్సు మీద బందరు ముద్ర ఉంటే కంగారు పడకండి. అర్జీ మీద పోలీసులు విచారణ చేస్తారు. లైసెన్సు ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ కాదనకూడదు. ఈ మాట చట్టంలోనే ఉంది. 2019లో చట్టం మారింది. ఇప్పుడు ఒకరికి రెండు తుపాకులే. లైసెన్సు గడువు అయిదేళ్ళు.

ఇక అసలు సంగతి. ఇంట్లో మగవాళ్ళు లైసెన్సు లేని నాటు తుపాకి తెచ్చి గడ్డివాములో దాచారు. ఆడవాళ్ళకు తెలుసు. "మనకెందుకులే" అని ఊరుకున్నారు. పోలీసులు వచ్చి పట్టుకుంటే? ఆ ఇంట్లో ఉంటూ, సంగతి తెలిసిన ప్రతి ఒక్కరి మీదా కేసు పెట్టవచ్చు. తనకు సంబంధం లేదని ఆమే రుజువు చేసుకోవాలి. శిక్ష మామూలుగా రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ జైలు, పైన జరిమానా. అందుకే ఇంట్లోకి ఏం వస్తోందో అడిగే హక్కు మనకుంది.

చేపల చెరువుల మీద వాలే పక్షుల్ని కాల్చడం ఇంకో నేరం. లైసెన్సు ఉన్నా నేరమే. దానికి 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది. దాని చుట్టూ పది కిలోమీటర్ల లోపల కొత్త లైసెన్సు ఇవ్వాలంటే అటవీ శాఖ పెద్ద అధికారి ఒప్పుకోవాలి. పెళ్ళి ఊరేగింపులో సరదాకి నిర్లక్ష్యంగా కాల్చినా రెండేళ్ళ దాకా జైలు పడవచ్చు.

"మరి మా కత్తిపీట, కొడవలి సంగతేంటండీ?" అని ఒకామె అడగవచ్చు. ఇంటి పనికీ, పొలం పనికీ వాడే పనిముట్లకు లైసెన్సు అక్కర్లేదు.

చర్చించండి: మీకు తెలిసిన ఇంట్లో చనిపోయిన వారి తుపాకి ఉందా? అది ఇప్పుడు ఎవరి పేరున ఉంది?