నేరమునకు బుద్ధియే మూలము

ఒక వానసాయంకాలమున బడి విడిచినప్పుడు, ఆరవ తరగతి బాలుడొకడు వరండాలోని నల్లగొడుగును తనదే యనుకొని ఇంటికి గొనిపోయెను. మరునాడు గొడుగు పోయిన బాలుని తండ్రి వచ్చి, అందరియెదుట వానిని “దొంగ” యనెను. మా పై తరగతులవారికి నేరశాస్త్రమున మొదటి పాఠమును మేము ఆ గొడుగుతోనే చెప్పితిమి.

చేసిన పని యొక్కటే సాధారణముగా నేరము కాదు. దానివెనుక దుర్బుద్ధియు నుండవలెను. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ స్థానమున 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షను చూడుడు. ఒకరి స్వాధీనమందున్న చరాస్తిని, వారి సమ్మతి లేక, కపటబుద్ధితో తీసికొనుటకై కదల్చినపుడే అది దొంగతనము. తనదని నమ్మినవానికి కపటమెక్కడిది? పొరపాటు తెలిసిన పిదపగూడ కపటముతో దానిని తన సొంతము చేసికొన్నచో మాత్రము 314వ సెక్షను క్రింద వేరొక నేరమగును. విద్యార్థులకు మిక్కిలి నచ్చినది ఈ భేదమే.

ఏడేండ్లు నిండని బిడ్డ చేసిన పని యేదియు నేరము కాదు. ఏడు దాటి పండ్రెండు నిండనివానికి, తన పని యెట్టిదో, దాని ఫలమేమో గ్రహించు పరిపక్వత అప్పటికి లేకున్న యెడల, అదియు నేరము కాదు.

మా బాలుడు ఆ పూటయే గొడుగు తెచ్చి యిచ్చెను. వానిని మరల బడికి రప్పించుటకు మాకు మూడు దినములు పట్టినది.