చంద్రయాన్ చప్పట్ల తర్వాత పిల్లలతో ఏం చేద్దాం?



ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినోత్సవం. 2023లో ఆ రోజు బుధవారం. సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3లోని విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గరి ప్రాంతంలో దిగింది. ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూశారు. ఇళ్లలో, హోటళ్లలో, బడుల్లో టీవీల ముందు కూర్చున్నవాళ్లు వేరే. ఆ సాయంత్రం కొట్టిన చప్పట్లు మన పిల్లలకు ఇంకా గుర్తున్నాయి.

అందుకే ప్రతి ఆగస్టులో స్కూలుకు థర్మోకోల్ రాకెట్లు వస్తాయి, గోడలకు ఛార్టులు ఎక్కుతాయి, ఫ్యాన్సీ డ్రెస్‌లో నలుగురైదుగురు వ్యోమగాములు కనిపిస్తారు. పేరెంట్స్ మీటింగ్‌లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: “టీచర్, మా బాబుకు ఇస్రో అంటే చాలా ఇష్టం. ఇప్పటినుంచే ఏ కోర్సులో చేర్పించాలి?”

ఆ ప్రశ్నకు చివర్లో జవాబు ఉంది. ముందు ఒక చిన్న పని చేయండి. ఈ రాత్రి మీ బాబునో పాపనో ఇలా అడగండి: “ఇప్పుడు చంద్రుడు ఏ దిక్కున ఉన్నాడు? నిన్న ఇదే టైముకు ఎక్కడున్నాడు?” ప్రజ్ఞాన్ రోవర్ బరువు 26 కిలోలని టక్కున చెప్పే పిల్లలు కూడా ఈ ప్రశ్న దగ్గర తడబడతారు. ఆ తడబాటు దగ్గరే అసలు చదువు మొదలవుతుంది.

విన్న కబురు, చూసిన సంగతి

మీ ఇంట్లో పెద్దవాళ్లను 1979 గురించి అడిగితే స్కైలాబ్ కథలు చెబుతారు. అమెరికా అంతరిక్ష కేంద్రం భూమ్మీద పడబోతోందని కబురు రాగానే మన పల్లెల్లో చాలామంది లోకం ముగిసిపోతుందనుకున్నారు. ఎలాగూ పోతాం కదా అని కోళ్లనూ మేకలనూ కోసుకుతిన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 2021లో వచ్చిన ‘స్కైలాబ్’ సినిమా ఆ రోజుల కథే. చివరికి 1979 జూలై 11న దాని శకలాలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో పడ్డాయి.

44 ఏళ్ల తర్వాత అదే ఆకాశం మనకు సంబరం తెచ్చింది. అప్పటి భయానికీ ఇప్పటి సంబరానికీ ఒక పోలిక ఉంది. రెండూ ఎవరో చెబితే మనకు అందినవే. వినికిడితో వచ్చింది త్వరగా చల్లారిపోతుంది. కళ్లతో చూసి, చేత్తో రాసుకున్నది నిలుస్తుంది. పిల్లల ఉత్సాహం ఆగస్టు ఛార్టుతోనే ఆగిపోకుండా ఉండాలంటే వాళ్లు చంద్రుణ్ణి స్వయంగా చూడాలి. దానికి టెలిస్కోప్ అక్కర్లేదు, ఫీజూ అక్కర్లేదు.

అమ్మమ్మ క్యాలెండర్‌లో చంద్రయాన్

గోడ మీది తెలుగు క్యాలెండర్ తీయండి. అమావాస్య నుంచి అమావాస్య వరకు 30 తిథులు. ఒక్కో తిథిలో చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరుగుతాడు. 30ని 12తో గుణిస్తే 360, అంటే ఒక పూర్తి చుట్టు. పూజలకు, ముహూర్తాలకు చూసే పంచాంగం వెనక ఉన్న లెక్క ఇది.

విక్రమ్ దిగిన రోజు శ్రావణ శుద్ధ సప్తమి. వరలక్ష్మీ వ్రతానికి రెండు రోజుల ముందు. సప్తమి చంద్రుడు సాయంత్రం అయ్యేసరికి దక్షిణాన ఎత్తులో, సగానికి కాస్త తక్కువగా ఉంటాడు. అంటే మనమంతా టీవీలో చంద్రుణ్ణి చూస్తున్న ఆ నిమిషంలో, మబ్బు లేని ఊళ్లలో అసలు చంద్రుడు డాబా మీదే కనిపిస్తున్నాడు.

ఆ తిథికే ఎందుకు దిగింది? చంద్రుడి మీద ఒక చోట పొద్దు పొడిస్తే దాదాపు 14 రోజులు పగలే. ఆ తర్వాత దాదాపు 14 రోజులు చీకటి, విపరీతమైన చలి. విక్రమ్, ప్రజ్ఞాన్ రెండూ సోలార్ ప్యానెళ్లతో పనిచేసేవి. కాబట్టి అక్కడ తెల్లవారగానే దిగాలి, పొద్దుగూకేలోపు పని ముగించాలి. వెలుగు అంచు ఆ చోటు దాటింది సప్తమికి కాస్త ముందే. రాఖీ పౌర్ణమి గడిచి బహుళ పంచమి వచ్చేసరికి అక్కడ సాయంత్రమైంది. ఆ రోజే, సెప్టెంబరు 4న, విక్రమ్‌ను నిద్రపుచ్చారు. ప్రజ్ఞాన్‌ను రెండు రోజుల ముందే ఆపేశారు. మళ్లీ తెల్లవారాక పిలిస్తే అవి పలకలేదు.

ఆ ఒక్క పగటిలోనే ప్రజ్ఞాన్ 100 మీటర్లు దాటి నడిచింది, నేలలో గంధకం ఉందని తేల్చింది. విక్రమ్ నేలలోకి దించిన థర్మామీటర్ ఇంకో వింత చెప్పింది. పైన 50 డిగ్రీలు దాటిన వేడి, బెత్తెడు లోతున, అంటే 8 సెంటీమీటర్ల కింద, మైనస్ 10 డిగ్రీలు. అక్కడి మట్టి వేడిని కిందకు పోనివ్వదన్నమాట. “ఎందుకు పోనివ్వదు?” అని పిల్లల్ని అడిగి, ఆలోచించనివ్వండి. జవాబు మీరు వెంటనే చెప్పకండి.

మన మాటలోనూ చంద్రుడే

తెలుగులో ‘నెల’ అంటే చంద్రుడు కూడా. నెలవంక, వెన్నెల అనే మాటల్లో ఉన్నది ఆ నెలే. చంద్రుణ్ణి బట్టి రోజులు లెక్కపెట్టాం కాబట్టి ముప్పై రోజుల కాలానికీ అదే పేరు వచ్చింది. ఇంగ్లీషులో ‘మూన్’, ‘మంత్’ కూడా ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. నేను చెప్పేది ఇంగ్లీష్ మీడియంలోనే అయినా, ఈ పాఠానికి తెలుగు క్యాలెండర్ కంటే మంచి టీచింగ్ ఎయిడ్ నాకు దొరకలేదు.

అంతరిక్షం మన గోదావరికి దగ్గరే

2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అదే పెద్ద వరద. 43, 48, 53 అడుగుల హెచ్చరికలు మన పిల్లలకు ఎక్కాల్లా నోటికి వచ్చు. అలాంటి రోజుల్లో మబ్బుల్లోంచి కూడా నేలను చూడగల రాడార్ ఉపగ్రహాలు ముంపు ఎంతవరకు వచ్చిందో చూపిస్తాయి. ఆ చిత్రాలతో మ్యాపులు తయారుచేసే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ఆకాశం గురించిన చదువు మన ఒడ్డున ఉన్నవాళ్లకు ఎలా పనికొస్తుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు.

ఇంటి ప్రాజెక్ట్: చంద్రుడి నోట్‌బుక్

1. అమావాస్య దాటిన మూడో రోజు మొదలుపెట్టండి. పౌర్ణమి వరకు రోజూ రాత్రి 7 గంటలకు ఒకే చోట నిలబడి చూడాలి. తారీఖు, తిథి, దిక్కు, ఆకారం రాసి బొమ్మ గీయాలి.

2. కొలవడానికి స్కేలు వద్దు. చేయి చాపి పిడికిలి పడితే ఆ వెడల్పు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. చంద్రుడు రోజుకు ఒక పిడికిలి, ఇంకొంచెం తూర్పుకు జరుగుతాడు. అందుకే సగటున రోజుకు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. ఈ సంగతి మీరు ముందే చెప్పేయకండి, నోట్‌బుక్‌లో వాళ్లనే కనిపెట్టనివ్వండి.

3. వానాకాలం కదా, కొన్ని రోజులు కనిపించడు. ఆ రోజు ‘మబ్బు’ అని రాయాలి. ఫోన్‌లో చూసి బొమ్మ గీయకూడదు. లేనిది రాయకపోవడం సైన్స్‌లో మొదటి నియమం.

4. చీకటి గదిలో ఒకే బల్బు వెలిగించి, పిల్లల చేతికి బంతి ఇచ్చి, తలకంటే కాస్త పైకి పట్టుకుని మెల్లగా ఎడమవైపు తిరగమనండి. నెలవంక నుంచి పౌర్ణమి వరకు బంతి మీదే కనిపిస్తాయి. చంద్రుడి ఆకారం మారేది భూమి నీడ వల్ల అని చాలామంది పిల్లలు రాస్తారు. భూమి నీడ పడేది చంద్రగ్రహణంలో మాత్రమే. బంతి ఆ తేడాను మాటలకంటే బాగా చెబుతుంది.

అడవి అంచు ఊళ్లలో వాన రోజుల్లో పురుగూ పుట్రా తిరుగుతాయి. డాబా మీద, పెద్దవాళ్ల తోడుతోనే చూడండి. దుమ్ముగూడెం, చర్ల వైపు చుట్టాలుంటే అమావాస్య రోజుల్లో నక్షత్రాలు కూడా చూపించండి. ఖమ్మం వీధి లైట్ల కింద కనిపించని చుక్కలు అక్కడ కనిపిస్తాయి. పిల్లలు హాస్టల్‌లో ఉంటే ఫోన్‌లో మార్కుల కంటే ముందు “చంద్రుడు కనిపించాడా?” అని అడగండి. మీకూ వాళ్లకూ కనిపించేది ఒకే చంద్రుడు.

ఇక ఆ కోర్సు ప్రశ్న

తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఇస్రో 2019 నుంచి ‘యువికా’ అనే వేసవి కార్యక్రమం నడుపుతోంది. ఎనిమిదో తరగతి మార్కులతో పాటు సైన్స్ ఫెయిర్లు, ఒలింపియాడ్‌లను కూడా లెక్కలోకి తీసుకుంటారు. పల్లె బడుల పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంటుంది. ఇంటర్ తర్వాత తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో బీటెక్ సీటుకు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. మామూలు ఇంజినీరింగ్ కాలేజీలో చదివినవాళ్లు ఇస్రో నియామక పరీక్ష రాయవచ్చు. డిప్లొమా, ఐటీఐ వాళ్లకూ అక్కడ ఉద్యోగాలున్నాయి.

దారులు ఇన్ని ఉన్నాయి కాబట్టి ఆరో తరగతి నుంచే కంగారు పడనక్కర్లేదు. ఆ వయసులో కావాల్సింది రోజూ చూసే అలవాటు, చూసింది చూసినట్టు రాసే నిజాయితీ. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోయినప్పుడు శాస్త్రవేత్తలు చేసింది కూడా అదే. ఎక్కడ ఏం జరిగిందో డేటాలో వెతికారు, మార్పులు చేశారు, నాలుగేళ్లకు దిగారు.

పౌర్ణమి మర్నాడు పిల్లలు ఆ నోట్‌బుక్‌లు స్కూలుకు తీసుకురావచ్చు. మార్కులు ఉండవు. ‘మబ్బు’ అని రాసిన పేజీలు ఎన్ని ఉన్నా పర్వాలేదు.