జపాన్ కార్లలో నమ్మకం, కిక్: రెండూ ఒకే బండిలో దొరుకుతాయా?

బెంచ్‌మార్క్‌లో టాప్ కొట్టే గేమింగ్ ఫోన్ కొనాలా, నాలుగేళ్లు కిక్కురుమనకుండా పనిచేసేది కొనాలా? ఈ వాదన మనకు కొత్త కాదు. జపాన్ కార్ల అభిమానుల్లోనూ ఇదే గొడవ. టయోటా వాడు "నా బండి ఎక్కడా ఆగదు" అంటాడు. హోండా, మాజ్డా స్పోర్ట్స్ కార్ల వాడు "ఆగదు సరే, నడుపుతుంటే నిద్రొస్తుంది కదా" అంటాడు. ఇద్దరి మాటా కొంత నిజమే. ఎందుకో అర్థం కావాలంటే స్పెక్ షీట్‌ని కాస్త వేరేగా చదవాలి.

లీటరుకు ఎంత పవర్?

మొత్తం హార్స్‌పవర్‌ని ఇంజిన్ లీటర్లతో భాగించి చూడండి. అమెరికాలో అమ్మిన 2010 కొరోలాలో 1.8 లీటర్ల ఇంజిన్, 132 హెచ్‌పీ. అంటే లీటరుకు 73. 1999లో వచ్చిన హోండా ఎస్2000 జపాన్ వెర్షన్‌లో 2 లీటర్లకే 250 పీఎస్, టర్బో లేకుండా. లీటరుకు 125! కొరోలా ఇంజిన్ తక్కువ క్లాక్ స్పీడ్‌లో నడిచే ప్రాసెసర్ లాంటిది. వేడి తక్కువ, ఒత్తిడి తక్కువ, అందుకే ఆయుష్షు ఎక్కువ.

అలాగని లీటరుకు ఎక్కువ పవర్ ఉన్న ప్రతి ఇంజినూ త్వరగా పోతుందని కాదు. ఎస్2000 రెడ్‌లైన్ 9000 ఆర్‌పీఎం. అక్కడ పిస్టన్ సగటు వేగం సెకనుకు 25 మీటర్లు దాటుతుంది. దాన్ని తట్టుకోవడానికి హోండా ఫోర్జ్డ్ పిస్టన్లు, ఫైబర్‌తో బలపరిచిన సిలిండర్ గోడలు వాడింది. డబ్బు పెట్టి మార్జిన్ కొన్నారన్నమాట. 1990ల సుప్రాలోని 2జేజెడ్-జీటీఈది ఇంకో దారి. బరువైన క్యాస్ట్ ఐరన్ బ్లాక్. జపాన్ కంపెనీల మధ్య అప్పట్లో ఉన్న ఒప్పందం వల్ల కాగితం మీద 280 పీఎస్సే, లోపల మాత్రం దానికి మించిన బలం. ట్యూనర్లు అంతకు రెండింతలు లాగినా బ్లాక్ నిలబడిందంటే కారణం అదే.

అసలు చిక్కు ఆర్ఎక్స్-8తో

డల్లాస్‌లో ఎంఎస్ చేస్తున్న మా పిన్ని కొడుకు ఈ మధ్య మూడు సెకండ్‌హ్యాండ్ కార్ల లింకులు పంపాడు: 2010 కొరోలా, 2006 మాజ్డా ఎంఎక్స్-5 మియాటా, 2006 మాజ్డా ఆర్ఎక్స్-8. "అన్నా, ఆర్ఎక్స్-8కి 9000 రెడ్‌లైన్, పైగా మూడింట్లో అదే చీప్. తీసేసుకోనా?" అన్నాడు. వాడి దగ్గరున్నది పార్ట్‌టైమ్ చేసి దాచుకున్న డబ్బు. అక్కడ కారు లేకపోతే ఇంటర్న్‌షిప్‌కి వెళ్లడం కూడా కష్టమే.

చీప్‌గా ఎందుకొస్తోందో ముందు తెలుసుకోవాలి కదా. ఆర్ఎక్స్-8లో పిస్టన్లు లేవు. త్రికోణం లాంటి రోటర్లు రెండు తిరుగుతుంటాయి. ఒక్కో రోటర్‌కు మూడు కొనలు, ఒక్కో కొనకు ఒక సీల్, మొత్తం ఆరు. అవి హౌసింగ్ గోడకు ఎప్పుడూ రాసుకుంటూ ఉంటాయి. వాటికి తడి అందించడానికి ఒక చిన్న పంపు ఇంజిన్ ఆయిల్‌ని నేరుగా మండే చోటికే పంపిస్తుంది. అంటే ఈ ఇంజిన్ ఆయిల్ తాగడం రిపేరు కాదు, డిజైనే. రెండుసార్లు పెట్రోల్ కొట్టిస్తే ఒకసారైనా డిప్‌స్టిక్ తీసి చూడాల్సిందే. పాత ఓనర్ చూడలేదా, సీల్స్ అరుగుతాయి, కంప్రెషన్ పడిపోతుంది, వేడి మీద ఉన్నప్పుడు బండి స్టార్ట్ కాదు. అమెరికాలో 2004-08 మోడళ్లకు మాజ్డానే ఇంజిన్ వారంటీని 8 ఏళ్లు లేదా లక్ష మైళ్లకు పెంచింది. 2006 బండికి అది ఎప్పుడో అయిపోయింది.

రోటరీ చెత్త ఇంజిన్ అనేవాళ్లతో మాత్రం నేను ఒప్పుకోను. 1991 లే మాన్స్ 24 గంటల రేసు గెలిచింది మాజ్డా 787బీ, నాలుగు రోటర్లతో. కాకపోతే అక్కడ పిట్‌లో ఒక టీమ్ కాచుకుని ఉంటుంది. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మావాడికి ఎవరున్నారు? మనసు ఆగకపోతే రోటరీ కోసమే ఉన్న టెస్టర్‌తో కంప్రెషన్ చూపించుకోమన్నాను. రోటర్‌కు మూడు చొప్పున ఆరు రీడింగులు రావాలి. మామూలు పిస్టన్ టెస్టర్‌తో వచ్చే ఒక్క నంబర్ నమ్మితే మునిగిపోతాం.

కిక్ అంతా ఇంజిన్‌లోనే ఉండదు

మియాటా 2 లీటర్ల ఇంజిన్ 170 హెచ్‌పీ, లీటరుకు 85. ఆ ఇంజిన్ కుటుంబమే మాజ్డా3 లాంటి మామూలు కారులోనూ ఉంది. మరి మజా ఎక్కడిది? సుమారు 1130 కిలోల బరువు, వెనక చక్రాల డ్రైవ్, చేతికి రోడ్డు తెలిసే స్టీరింగ్. గుర్రం, రౌతు ఒకటైపోవాలనే జపనీస్ మాట ఒకటి ఉంది, జింబా ఇట్టాయ్. 1989లో మొదటి మియాటా నుంచీ మాజ్డా పట్టుకున్న సూత్రం అదే. ఈ రకం కిక్ ఇంజిన్ ప్రాణం తీయదు, మలుపులో 60 కిలోమీటర్ల స్పీడ్‌లోనే దొరుకుతుంది. రెండే సీట్లు, బియ్యం బస్తా పెడితే డిక్కీలో ఇంక చోటుండదు, అది వేరే విషయం.

అందుకే వాడికి చెప్పింది ఇది: రూమ్మేట్‌కి ఇంకో కారు ఉంటే మియాటా, లేకపోతే నోరు మూసుకుని కొరోలా. స్టీరింగ్ చప్పగా ఉంటుంది. అయినా పార్టులు దొరకని ఊరుండదు, తెలియని మెకానిక్ ఉండడు.

మన దగ్గరా దీనికి ఉదాహరణ ఉంది. 2000లో వచ్చిన మొదటి తరం హోండా సిటీ వీటెక్, 1.5 లీటర్లకు 106 హెచ్‌పీ. లీటరుకు లెక్కేస్తే దాదాపు ఆ కొరోలా అంతే! కానీ బండి తేలిక, ఇంజిన్ పైకి తిరగడానికి తహతహలాడుతుంది. 2003లో దాని తర్వాత వచ్చిన సిటీ 77 హెచ్‌పీతో, మైలేజీ మంత్రంతో వచ్చేసరికి అభిమానులు ఉసూరుమన్నారు. ఇప్పటికీ మంచి వీటెక్ కోసం వెతికేవాళ్లున్నారు. మీరూ వెతుకుతుంటే, 15 ఏళ్లు దాటిన బండి కాబట్టి ముందు ఆర్‌సీ రెన్యూవల్, గ్రీన్ ట్యాక్స్ కాగితాలు చూడండి. బానెట్ ఎత్తడం ఆ తర్వాతే.