డివిడెండ్ షేర్లు, క్లోజ్డ్ ఎండ్ ఫండ్లు: చేయవలసినవి – చేయకూడనివి

రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బును, పొలం అమ్మిన సొమ్మును బ్యాంకు వడ్డీ కంటే ఎక్కువ వస్తుందన్న ఆశతో డివిడెండ్ షేర్లలో, యూనిట్లను ఎక్స్ఛేంజిలోనే అమ్ముకోవాల్సిన క్లోజ్డ్ ఎండ్ ఫండ్లలో పెట్టేవారి కోసం ఈ సూచనలు. ధర పడిపోయిన ప్రతి షేరూ చవక కాదు. మీకు ఇచ్చే డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తేలేదాకా కొనవద్దు.

చేయవలసినవి

• కంపెనీ వార్షిక నివేదికను మీరే చదవండి. ఎన్ఎస్ఈ, బీఎస్ఈ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతుంది.

• కనీసం పదేళ్ల డివిడెండ్లను వరసగా రాసుకుని చూడండి. వేదాంత 2022–23లో షేరుకు 101.50 రూపాయలు పంచింది. మరుసటి ఏడాది 29.50 రూపాయలే ఇచ్చింది. మొదటి అంకెను నమ్ముకుని ఇంటి ఖర్చులు లెక్కవేసుకున్నవారి గతి ఆలోచించండి.

• లాభం కంటే ముందు నగదు రాకపోకల పట్టిక చూడండి. డివిడెండ్ చెల్లించేది నగదుతోనే.

• ఒకవైపు డివిడెండ్ ఇస్తూ మరోవైపు అప్పు పెంచుకుంటున్న కంపెనీని పక్కన పెట్టండి.

• ప్రమోటర్లు తమ షేర్లను ఎంతమేరకు తాకట్టు పెట్టారో ప్రతి మూడు నెలలకూ చూడండి.

• ఫండ్ కొనేముందు ఎన్ఏవీని (ఒక్కో యూనిట్ వెనుక ఉన్న ఆస్తుల నికర విలువను), మార్కెట్ ధరను పక్కపక్కన రాసుకోండి.

• ఫండ్ గడువు ఎప్పుడు ముగుస్తుందో, రోజుకు ఎన్ని యూనిట్లు చేతులు మారుతున్నాయో తెలుసుకోండి. గడువులోపు ఫండ్ సంస్థ మీ యూనిట్లను వెనక్కి తీసుకోదు, కొనేవారిని ఎక్స్ఛేంజిలోనే వెతుక్కోవాలి.

• పన్ను పోగా మిగిలేదెంతో లెక్కకట్టండి. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీ ఆదాయంలో కలిసి మీ స్లాబు ప్రకారం పన్ను పడుతోంది.

• బ్యాంకు ఖాతా, చిరునామా, నామినీ వివరాలు సరిచూసుకోండి. వరసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే ఆ షేర్లు కూడా ప్రభుత్వ నిధి ఐఈపీఎఫ్‌కు వెళ్లిపోతాయి.

• అమెరికాలో ఉంటున్నవారు మన మ్యూచువల్ ఫండ్లు కొనేముందు అక్కడి పన్ను నిపుణుణ్ని అడగండి. విదేశీ ఫండ్లకు వర్తించే అమెరికా పీఎఫ్ఐసీ పన్ను నిబంధనల కింద భారం ఎక్కువ.

• అమెరికా క్లోజ్డ్ ఎండ్ ఫండ్ పంచే సొమ్ములో మీ అసలు ఎంత ఉందో ఫండ్ పంపే నోటీసులో చూడండి.

చేయకూడనివి

• డివిడెండ్ రాబడి శాతం ఎక్కువగా ఉందని కొనవద్దు. షేరు ధర కూలినప్పుడూ ఆ శాతం పెరుగుతుంది.

• "300 శాతం డివిడెండ్" అన్న ప్రకటనకు పొంగిపోవద్దు. అది ముఖ విలువ మీద లెక్క; 2 రూపాయల ముఖ విలువ ఉన్న షేరుకు దక్కేది 6 రూపాయలే.

• డివిడెండ్ కోసమే ఎక్స్ డేట్ (ఆ రోజు నుంచి కొన్నవారికి ఆ డివిడెండ్ రాదు) ముందురోజు కొనవద్దు. ధర దాదాపు ఆ మేరకు తగ్గుతుంది, పన్ను మాత్రం మీకు మిగులుతుంది.

• ఆస్తి అమ్మి ఇచ్చిన ప్రత్యేక డివిడెండ్‌ను ఏటా వచ్చేదిగా లెక్కవేయవద్దు.

• బొగ్గు, ఉక్కు, అల్యూమినియం షేర్లను పీఈ (షేరు ధర లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) తక్కువగా ఉందని కొనవద్దు. లాభాలు బాగా పెరిగి ఇక తగ్గబోయే వేళ కూడా పీఈ తక్కువగానే కనిపిస్తుంది.

• పుస్తకాల్లో నగదు గుట్టలుగా ఉందని నిశ్చింతగా ఉండవద్దు. హైదరాబాద్ కంపెనీ సత్యం చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనేలేవని 2009 జనవరి 7న దాని ఛైర్మనే ఒప్పుకున్నారు.

• పది రూపాయల యూనిట్ చవక అనుకోవద్దు. 1994లో మోర్గాన్ స్టాన్లీ గ్రోత్ ఫండ్‌ను పబ్లిక్ ఇష్యూ షేరులా భావించి జనం ఎగబడ్డారు; పదిహేనేళ్ల గడువున్న ఆ యూనిట్లు ఆ తర్వాత ఎన్ఏవీ కంటే బాగా తక్కువ ధరకు అమ్ముడుపోయాయి.

• ఎన్ఏవీ కంటే తక్కువకు దొరుకుతోందన్న ఒక్క కారణంతో కొనవద్దు. ఆ తేడా ఏళ్లు గడిచినా పూడకపోవచ్చు.

• ఫండ్ ఇచ్చే ఐడీసీడబ్ల్యూను (ఫండ్ డివిడెండ్‌కు ఇప్పటి పేరు) అదనపు రాబడి అనుకోవద్దు. అది మీ ఎన్ఏవీ నుంచే తీసి ఇస్తారు.

• పిల్లల ఫీజులకు, వైద్యానికి దాచిన డబ్బును గడువున్న ఫండ్‌లో పెట్టవద్దు.

• కొనేవారు తక్కువగా ఉన్న యూనిట్లకు మార్కెట్ ఆర్డర్ పెట్టవద్దు. లిమిట్ ధర రాసి మాత్రమే పెట్టండి.

• వాట్సాప్, టెలిగ్రామ్ టిప్పులతో కొనవద్దు. సలహాదారు రిజిస్ట్రేషన్ నంబరును సెబీ వెబ్‌సైట్‌లో సరిచూడకుండా ఒక్క రూపాయి చెల్లించవద్దు.

• డీమ్యాట్ పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు, అడిగింది బంధువైనా సరే.

• మోసపోయామని తెలిసినప్పుడు పరువు పోతుందని ఊరుకోవద్దు. సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి; సహాయం కోసం సెబీ టోల్ ఫ్రీ నంబరు 1800 266 7575.