పాలలో ప్రియాన్ పరీక్ష ఉందా?

ప్రశ్న: పిచ్చి ఆవు వ్యాధి ఉందో లేదో పాలను పరీక్షించి చెప్పవచ్చా?

జవాబు: చెప్పలేరు. ఈ వ్యాధిని కలిగించేది బాక్టీరియా కాదు, వైరస్ కాదు. మడత తప్పిన ప్రియాన్ అనే ప్రోటీన్. అది ముఖ్యంగా పశువు మెదడులో, వెన్నుపాములో పోగుపడుతుంది. అందుకే నిర్ధారణ పరీక్ష పశువు చనిపోయాక, మెదడు కాండం నుంచి తీసిన ముక్క మీద జరుగుతుంది. ఎలీసా, వెస్టర్న్ బ్లాట్ వంటి పద్ధతులన్నీ ఆ ముక్క కోసమే. పాల డబ్బా తెచ్చి ఇస్తే తేల్చే ఆమోదిత పరీక్ష ఎక్కడా లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది: ఆరోగ్యంగా ఉన్న ఆవు పాలలోనూ మామూలు ప్రియాన్ ప్రోటీన్ కొద్దిగా ఉంటుంది. కనుక ప్రియాన్ దొరికినంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదు. వ్యాధి సోకిన ఆవుల పాలతో చేసిన ప్రయోగాలలో రోగం అంటుకున్న దాఖలా కనిపించలేదు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ పాలను సురక్షితమైన సరుకుల్లోనే చేర్చింది. గొర్రెలకు వచ్చే స్క్రేపీ సంగతి వేరు. అది తల్లిపాల ద్వారా పిల్లలకు సోకుతుందని తేలింది.

ప్రశ్న: ఆబిడ్స్, నాంపల్లి ఇరానీ హోటళ్లలో గంటల తరబడి పాలు మరుగుతాయి. ఆ వేడికి ప్రియాన్ చావదా?

జవాబు: ప్రాణమే లేనిదానికి చావేమిటి? మరిగే నీటి వేడికి ప్రియాన్ లొంగదు. పాలు కాచేది క్షయ, బ్రూసెల్లా క్రిముల కోసం. అవి మాత్రం తప్పకుండా చస్తాయి.

ప్రశ్న: మన పశువులకు ఈ ముప్పు ఎంత?

జవాబు: 1986లో బ్రిటన్‌లో బయటపడ్డ ఈ వ్యాధి అక్కడ 1,80,000కు పైగా పశువులకు సోకింది. మూలం దాణాలో కలిపిన మాంసం, ఎముకల పొడి. హైదరాబాద్ పాడి పశువులు తినేది తవుడు, పత్తి చెక్క, వేరుశనగ చెక్క, గడ్డి. భారత్‌ను 2010లోనే అత్యల్ప ముప్పు ఉన్న దేశంగా గుర్తించారు.

ప్రశ్న: మరి పాలలో వెతకవలసింది ఏమిటి?

జవాబు: ఇక్కడా అసలు కథ దాణాలోనే ఉంది. బూజు పట్టిన చెక్క తిన్న గేదె పాలలోకి అఫ్లాటాక్సిన్ ఎం1 దిగుతుంది, కాచినా పోదు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశవ్యాప్తంగా 6,432 పాల నమూనాలు తీస్తే, 368 నమూనాలలో ఇది పరిమితి దాటింది. ప్రమాదకరమైన కల్తీ దొరికినవి 12 మాత్రమే, కానీ వాటిలో 9 తెలంగాణవి. ప్రియాన్ మీద పెట్టే భయం వీటి మీద పెడితే న్యాయం. లాక్టోమీటర్ నీళ్లను పట్టగలదేమో గానీ యూరియానూ అఫ్లాటాక్సిన్‌నూ పట్టదు. ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు రుసుము కట్టి ఫుడ్ అనలిస్టుతో పాలను పరీక్ష చేయించవచ్చు. ఆ ఉద్దేశాన్ని పాలు కొనేటప్పుడే అమ్మేవారికి చెప్పాలి.