గంట ఎప్పుడు మోగాలి?

పీరియడ్ అయిపోగానే బడిగంట మోగుతుంది. మీరు ఒక పుస్తకం మూసి మరొకటి తీస్తారు. అదే గంట నిమిషానికొకసారి మోగితే ఏమవుతుంది? మొదటిరోజు తలెత్తి చూస్తారు. వారం గడిచేసరికి ఇంటికి వెళ్ళే గంటను సైతం పట్టించుకోరు!

మన భద్రాచలం వద్ద గోదావరికి ఇటువంటి గంటలు మూడున్నాయి. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. వరద రోజుల్లో నీటిని గంటగంటకూ కొలుస్తూనే ఉంటారు. అయినా ప్రమాద హెచ్చరికలు మూడే. ఎందుకని? మెట్టు మారిందంటే ప్రమాదం పెరిగిందనీ, మనం చేయవలసిన పని మారిందనీ అర్థం. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. అటువంటి వేళ ‘రోజూ ఉండేదేలే’ అనుకుంటే ప్రాణానికే ముప్పు.

మరి పదేపదే విన్నదాన్ని మనం ఎందుకు పట్టించుకోము? ఒక చిన్న ప్రయోగం చేద్దాం. వానాకాలంలో గోడమీద పాకే నత్తను ఆకుతో ఎత్తి ఒక చెక్కమీద ఉంచండి. అది కొమ్ములు చాచి కదిలేటప్పుడు చెక్కను వేలితో తట్టండి. వెంటనే కొమ్ములు ముడుచుకొంటుంది. మళ్ళీ చాచగానే మళ్ళీ తట్టండి. ఇలా చేస్తూ పోతే ముడుచుకోవడం తగ్గి, చివరకు అది మీ తట్టును లెక్కచేయదు. కాసేపు విడిచిపెట్టి తడితే మళ్ళీ ముడుచుకొంటుంది! ప్రయోగం అయ్యాక నత్తను దాని చోట వదిలి, సబ్బుతో చేతులు కడుక్కోండి.

దీనినే ‘అలవాటుపడటం’ అంటారు. ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్త అప్లీసియా అనే సముద్రపు నత్తజాతి జీవిలో దీని కారణాన్ని పరిశోధించాడు. దాని నీటిగొట్టాన్ని తాకితే మొప్పను లోపలికి లాక్కుంటుంది. మాటిమాటికీ తాకితే జ్ఞాననాడి చాలకనాడికి అందించే రసాయనం తగ్గుతుంది. కనుక కదలిక కూడా తగ్గుతుంది. నాడీకణాలపై చేసిన కృషికి కాండెల్ 2000లో నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో కలిసి పొందాడు.

ఇప్పుడు ఇంట్లోని ఫోన్ సంగతి చూద్దాం. అది ‘టింగ్’ మని మోగి మనల్ని మోచేత్తో తట్టినట్లు తడుతుంది. అవ్వకు మాత్ర వేళ, మీకు పరీక్ష ఫీజు గడువు, ఊరికి పిడుగు ముప్పు తెలిపితే ఆ తట్టు మేలే. మరచిపోవడం మనిషికి సహజం కదా!

కాని ఇందులో రెండు కీడులున్నాయి. మొదటిది నత్త నేర్పినదే. వంద అనవసరపు మోతల మధ్య ఒక్క అవసరమైన మోత చెవికెక్కదు. రెండవది పావురాలు నేర్పినది. స్కిన్నర్ అనే శాస్త్రవేత్త ప్రయోగాల్లో పావురం బిళ్ళను ముక్కుతో పొడిస్తే గింజలు పడేవి. ఎన్ని పోట్లకు పడతాయో తెలియకుండా అమర్చినప్పుడు అది పొడుస్తూనే ఉండేది. ‘ఈసారి ఏమి వచ్చిందో!’ అని మనం మాటిమాటికీ ఫోన్ తీయడమూ అటువంటిదే. “మీరు రెండు రోజులుగా రాలేదు” అని ఫోన్ పిలిస్తే, ఆ పిలుపు అవసరం మనదా, పిలిచినవారిదా?

ఒక ఆదివారం ఇంట్లోవారి అనుమతితో ఈ లెక్క తీయండి. కాగితంపై మూడు గడులు గీయండి: ‘వెంటనే కావాలి’, ‘తర్వాత చూడవచ్చు’, ‘అక్కరలేదు’. మోగిన ప్రతిసారీ తగిన గడిలో గీత పెట్టండి. రాత్రికి ఏ గడి నిండిందో పెద్దలకు చూపండి. మూడవ గడిలోని మోతలను ఆపించండి. వాన, వరద, పిడుగు హెచ్చరికలను మాత్రం ఎన్నడూ ఆపకండి.