చెరువుకు మించిన పక్షులు

గరివిడి నుండి ఇచ్ఛాపురము వైపు పోవు రైలుమార్గములో నౌపడా అను స్టేషను కలదు. దానికి సమీపమున, శ్రీకాకుళము జిల్లా టెక్కలి మండలములో, తేలినీలాపురము అను పల్లె ఉన్నది. ఏటేటా వానకాలము ముగియు వేళకు గూడబాతులును, ఎర్రకాళ్ల కొంగలును ఈ పల్లెకు గుంపులుగా వచ్చి, చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ఆరంభమున తరలిపోవును. జనులు వీనిని సైబీరియా పక్షులందురు. నిజమునకు ఈ రెండు జాతులును మన దేశములో నివసించునవే.

పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులను వలె గ్రామస్థులు వీనిని ఆదరింతురు. అయినను, అతిథులు పెరిగినకొలది ఆతిథ్యము బరువగును. వందలకొలది పక్షులు ఒకేచోట చేరినపుడు వాని రెట్ట ఆకులపై పేరుకొని చెట్లు బలహీనపడును, దుర్గంధము వ్యాపించును. రెట్టలో నత్రజనియు, భాస్వరమును అధికము. నెల్లూరు సీమలోని నేలపట్టున రెట్ట కలిసిన చెరువునీరు పైరుకు బలమని రైతులు సంతోషింతురు. కాని పారుదల లేని చిన్న చెరువులో అదియే మితిమీరినచో నాచు విపరీతముగా పెరుగును. ఆ నాచు కుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చును.

విహారసరస్సులలో ఈ చిక్కు మరింత ఎక్కువ. అమెరికాలోని రోచెస్టరు నగరమున సిల్వర్ లేక్ అను సరస్సు కలదు. అంతరించినదని తలచిన పెద్ద కెనడా బాతుల జాతి 1962లో అచ్చట కనబడెను. విద్యుత్కేంద్రము విడిచిన వెచ్చని నీటివలన సరస్సు చలికాలమున గడ్డకట్టదయ్యెను. సందర్శకులు గింజలు వేసిరి. బాతులు వేలకొలది చేరి, గట్లన్నియు రెట్టతో నిండెను.

రోగభయమును లేకపోలేదు. 2021 చివరను, 2022 ఆరంభమునను తేలినీలాపురమున అనేక గూడబాతులు మరణించెను. వాని దేహములలో పరాన్నజీవులైన పురుగులు కనబడెను. ఇట్టి పురుగులు చేపల ద్వారా పక్షులకు సోకును. మేతకు కొలది చెరువులే మిగిలినచో, ఒక చెరువులోని కీడు గుంపునంతటిని తాకును.

పక్షులను తరుముట తేలిక; కాని తరిమినవి మరియొక ఊరి చెరువున దిగును. చెరువులను పూడ్చక నిలుపుట, ఎండిన చెట్లకు బదులు క్రొత్తవి నాటుట, విహారస్థలములలో గింజలు వేయకుండుట మేలైన ఉపాయములు. చచ్చిన పక్షి కనబడినచో చేతితో తాకక పశువైద్యులకు తెలుపవలెను. గరివిడిలోని పశువైద్య కళాశాల వంటి విద్యాలయములలో నేర్పు శాస్త్రము పశువులకే గాక పక్షులకును రక్షణయే. చోటు చాలినంతగా ఉన్ననాడు పక్షియు, పల్లెయు ఒకే చెరువును పంచుకొనగలవు.